గొంతులో గొట్టం తెల్లవారుజామున పూడుకుపోతోంది, ఏం చేయాలి?

ప్రశ్న (ఒడిశాలోని గుణుపురం నుంచి): నాన్నకు విశాఖలో ట్రెకియాస్టమీ (గొంతు ముందు రంధ్రం చేసి శ్వాసనాళంలో గొట్టం పెట్టే ఆపరేషన్) చేసి, గొంతులో గొట్టంతో ఇంటికి పంపారు. పగలంతా బాగానే ఉంటున్నారు. తెల్లవారుజామున గురగురమంటూ ఊపిరాడక లేచి కూర్చుంటున్నారు. తెమడ లాగే సక్షన్ పైపు ఎంత లోపలికి వేయాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు (పర్లాకిమిడి నుంచి, నర్సుని): తమ్ముడూ, ముక్కు చేసే పని ఇప్పుడు ఆగిపోయింది. మనం పీల్చే గాలిని వెచ్చగా, తేమగా మార్చేది ముక్కే. ఇప్పుడు పొడిగాలి నేరుగా శ్వాసనాళంలోకి పోతోంది. చలికాలం రాత్రుళ్లు తెమడ ఎండి బంకలా అంటుకుంటుంది. గొట్టానికి తేమ పట్టే ఫిల్టర్ పెట్టారా? లేకపోతే డాక్టరుతో చెప్పి తెప్పించండి. నెబ్యులైజర్‌లో సెలైన్ ఎన్నిసార్లు పెట్టాలో కూడా అడగండి. గొట్టంలో నీళ్లు మాత్రం పోయొద్దు.

లోపలి గొట్టం విడిగా వచ్చే రకమైతే, ఊపిరాడనప్పుడు మొదట దాన్ని తీసేయండి. చాలాసార్లు అడ్డం అందులోనే ఉంటుంది. పడుకునే ముందు దాన్ని తీసి, కాచి చల్లార్చిన నీళ్లలో చిన్న బ్రష్‌తో తోమి, వెలుతురుకు ఎత్తి చూడండి. గోడకు పసుపుపచ్చ పొర కనిపిస్తే మళ్లీ తోమండి.

సక్షన్ పైపు గొట్టం పొడవుకు మించి పోకూడదు. అదే సైజు విడి గొట్టం పక్కన పెట్టి కొలిచి, పైపు మీద గుర్తు పెట్టుకోండి. లోపలికి వేసేటప్పుడు పైపు పక్కనున్న రంధ్రం మీద వేలు తీసేయాలి, బయటికి లాగేటప్పుడే మూయాలి. మొత్తం 10 సెకన్లు దాటొద్దు, తెమడతో పాటు ఆక్సిజన్‌నీ లాగేస్తుంది. ఇంట్లో కట్టెల పొయ్యి ఉంటే పొగ ఆయన గదిలోకి రానివ్వకండి.

ప్రశ్న: కరెంటు పోతే, అక్కా?

జవాబు: కాలితో తొక్కే సక్షన్ మెషిన్ దొరుకుతుంది, ఒకటి ఇంట్లో ఉంచుకోండి. అలాగే ఒక కాగితం మీద "ఊపిరి గొంతు గొట్టం నుంచి, ఆక్సిజన్ అక్కడ తప్పక పెట్టాలి" అని ఒడియాలో రాసి మంచం దగ్గర అంటించండి. మీ డిశ్చార్జి కాగితం ఒడియాలో ఉండదు కదా. ముక్కు, నోటి నుంచి ఊపిరి వెళ్లే పై దారి తెరిచే ఉందా, స్వరపేటిక తీసేశారా అన్నది డాక్టరుని అడిగి అదీ రాయండి. లోపలి గొట్టం తీసి, సక్షన్ చేసినా ఊపిరి అందకపోయినా, పెదాలు నీలంగా మారినా వెంటనే 108కి ఫోన్ చేయండి.