ఇసుక లారీ మామూళ్లు, కంపెనీ అడిగే హామీ పత్రం: సంతకం చేయవచ్చా?

ప్రశ్న: మాది కరీంనగర్ ప్రాంతంలో చిన్న నిర్మాణ కాంట్రాక్టు సంస్థ. ఒక పెద్ద కంపెనీకి గోదాములు కడుతున్నాము. ఇసుక ఒక లారీ యజమాని ద్వారా గోదావరి రీచ్‌ల (నదిలో ఇసుక తవ్వే చోట్ల) నుంచి వస్తుంది. “మా సరఫరా గొలుసులో లంచం గానీ, పర్యావరణ నిబంధనల ఉల్లంఘన గానీ లేదు” అని సంతకం చేసి ఇమ్మని కంపెనీ వారు కోరుతున్నారు. రీచ్‌లో తవ్వే యంత్రంతో బిల్లుకు మించి ఒక బకెట్ ఇసుక అదనంగా పోయించుకోవడానికీ, దారిలో తనిఖీ తప్పించుకోవడానికీ డ్రైవర్లు డబ్బు ఇస్తున్నారనీ, ఆ మొత్తం “లోడింగ్, ఇతర ఖర్చులు” పేరిట మా బిల్లులోకే వస్తోందనీ మాకు తెలుసు. మేము స్వయంగా ఎవరికీ ఇవ్వలేదు కనుక సంతకం చేయవచ్చా? అసలు ఈ మామూళ్లకూ సుస్థిర అభివృద్ధికీ సంబంధం ఏమిటి?

సమాధానం 1: తెలిసి ఉండి సంతకం చేయకండి. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తరువాత లంచం ఇవ్వడం కూడా నేరమే. వ్యాపార సంస్థ తరఫున పనిచేసేవారు సంస్థ ప్రయోజనం కోసం అధికారికి లంచం ఇస్తే 9వ సెక్షన్ ప్రకారం సంస్థే బాధ్యత వహించవలసి రావచ్చు. అలాంటివి జరగకుండా తగిన కట్టుబాట్లు ముందే అమలు చేశామని రుజువు చేసుకోవడమే సంస్థకు ఉన్న రక్షణ. రీచ్ నడిపే కాంట్రాక్టరు మనిషికి ఇచ్చే డబ్బు ఈ చట్టం కిందకు వస్తుందా రాదా అన్నది వేరే చర్చ గానీ, వే బిల్లుకు (ఎంత ఇసుక, ఏ లారీలో, ఎక్కడికి పోతుందో చూపే రవాణా అనుమతి చీటీకి) మించి ఇసుక తరలించడం మాత్రం అక్రమ రవాణాయే. 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం 21వ సెక్షన్ కింద లారీని స్వాధీనం చేసుకోవచ్చు.

ఇక రెండో ప్రశ్న. నా ఉద్దేశంలో అసలు విషయం ఇదే. ఏటా వరదకు కొత్తగా ఎంత ఇసుక మేట వేస్తుందో అంచనా కట్టి, అంతకు లోబడి తవ్వుకోవడానికి అనుమతి ఇవ్వాలన్నది కేంద్రం 2020లో ఇచ్చిన మార్గదర్శకాల సారం. 3 మీటర్లకు మించి లోతు తవ్వకూడదనీ, వానాకాలంలో నదిలో తవ్వకూడదనీ 2016 నుంచే నిబంధనలు ఉన్నాయి. ఇవన్నీ కాగితం మీది అంకెలు. నది దగ్గర వాటిని నిలబెట్టేది వే బిల్లు ఒక్కటే. అదనపు బకెట్ ఏ లెక్కలోనూ చేరదు కనుక, రికార్డులో తవ్వకం పరిమితిలోనే ఉన్నట్టు కనిపిస్తుండగా నదీగర్భం మాత్రం దిగిపోతుంది. నీటిని పట్టి ఉంచేది ఆ ఇసుకే కాబట్టి, అది తరిగిన కొద్దీ ఒడ్డు గ్రామాల బావుల్లో ఊట తగ్గి, రైతు బోరును ఇంకా లోతుకు దింపుకోవలసి వస్తుంది. మీ బిల్లులో ఉన్న “ఇతర ఖర్చులు” అసలు కొంటున్నది ఈ నష్టాన్నే. ఐక్యరాజ్యసమితి సుస్థిర అభివృద్ధి లక్ష్యాలలో లంచాల తగ్గింపు 16.5గా, సహజ వనరుల సుస్థిర వినియోగం 12.2గా వేర్వేరు చోట్ల ఉన్నాయి. ఇసుక లారీలో మాత్రం ఆ రెండూ ఒకటే.

అనుబంధ ప్రశ్న: వివరణకు ధన్యవాదాలండీ. కానీ ఆ లారీ యజమానిని వదులుకుంటే పని ఆగిపోతుంది. సైట్‌లో మేము చేయగలిగింది ఏమైనా ఉందా?

సమాధానం 2: ఉంది. వచ్చిన ప్రతి లారీకీ వే బిల్లుతో పాటు కాటా చీటీ కూడా తీసుకుని, రెండూ కలిపి ఫైలు చేయండి. పొడి ఇసుక ఘనపు మీటరుకు సుమారు 1.6 టన్నులు తూగుతుంది. నీరు కారుతున్న ఇసుకైనా దాదాపు 2 టన్నులే. 12 ఘనపు మీటర్ల బిల్లుతో వచ్చిన లారీలో ఇసుక ఎంత తడిసినా 24 టన్నులు దాటకూడదు కనుక, బరువు 28 టన్నులుంటే “తడి ఇసుక సార్” అన్న మాట చెల్లదు. ఆ లోడును దింపించుకోకండి. బిల్లు మీది లారీ నంబరు, సమయం, చేరవలసిన చోటు కూడా చూడండి, ఎందుకంటే ఒకే బిల్లుతో రెండు ట్రిప్పులు తిప్పడం అక్కడే బయటపడుతుంది. నెలాఖరున వాడకంతో సరిచూసుకోండి: 1:1.5:3 పాళ్ల (సిమెంటు, ఇసుక, కంకర) కాంక్రీటు ఘనపు మీటరుకు సుమారు 0.42 ఘనపు మీటర్ల ఇసుక పడుతుంది, తడికి ఇసుక ఉబ్బుతుంది కనుక కొంత తేడా వదిలేయవచ్చు.

కిరాయి ఒప్పందంలో “ఇతర ఖర్చులు” అనే పద్దునే తీసివేసి, రసీదు లేని ఏ ఖర్చూ చెల్లించబోమని రాయించండి. ఆ యజమాని ఒప్పుకోకపోతే కొంత పనికైనా తయారీ ఇసుకకు (రాయిని పిండి చేసి తీసే ఇసుకకు) మారండి. కాంక్రీటులో వాడే ఇసుక, కంకరలకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 383 2016 సంచికలో దానికీ చోటు ఉంది. మిక్స్ డిజైన్ (కాంక్రీటు పాళ్ల లెక్క) మాత్రం మళ్లీ చేయించాలి.

అనుబంధ ప్రశ్న: దారిలో అధికారి బలవంతంగా తీసుకుంటే?

సమాధానం 1: బలవంతం మీద ఇచ్చినవారికి అవినీతి నిరోధక చట్టం 8వ సెక్షన్ రక్షణ ఇస్తుంది, అయితే ఇచ్చిన నాటి నుంచి 7 రోజుల లోపు దర్యాప్తు సంస్థకు తెలియజేయాలి. తెలంగాణలో ఏసీబీ (అవినీతి నిరోధక శాఖ) టోల్ ఫ్రీ నంబరు 1064. ఇవ్వకముందే చెబితే ఇంకా మంచిది. ఈ నంబరును, గడువును డ్రైవర్లకు తెలుగులో రాసి ఇవ్వండి. కంపెనీకి మాత్రం ఖాళీ హామీ బదులు, ఏ తేదీ నుంచి ఏయే తనిఖీలు మొదలుపెట్టారో, అంతకు ముందు కొన్న ఇసుక విషయంలో ఎందుకు హామీ ఇవ్వలేరో రాసి, ఆ ఉత్తరాన్ని పంపే ముందు ఒక న్యాయవాదికి చూపించండి.