ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు, స్కానింగ్‌కి మూడు రోజులు ఆగమంటున్నారు

మా లాబ్రడార్‌కి నాలుగేళ్లు. నిన్న పొద్దున్నుంచి ఆరుసార్లు వాంతి చేసుకుంది, నీళ్లు తాగినా నిలవట్లేదు. మా పాప సాక్సు ఒకటి కనపడట్లేదు, అదే మింగిందేమోనని అనుమానం. డాక్టర్ ఎక్స్‌రే తీసి పెద్దగా ఏమీ కనపడలేదు, పొట్ట అల్ట్రాసౌండ్ చేయించండి అని రాసిచ్చారు. సెంటర్‌కి ఫోన్ చేస్తే మూడు రోజుల తర్వాత రమ్మన్నారు. ఆగొచ్చా? ఎక్స్‌రేలో లేదంటే లేనట్టేనా? టెన్షన్‌తో నిద్ర లేదు.

జవాబు 1
లేనట్టు కాదండీ. ఎముక, రాయి, లోహం అయితే ఎక్స్‌రేలో ఇట్టే తెలిసిపోతాయి, గుడ్డ మాత్రం చాలాసార్లు కనపడదు, పేగులో గాలి ఎక్కడ పేరుకుందో చూసి అంచనా వేయాల్సిందే. ఇంకో మాట, సెంటర్‌కి మీరు చేయకండి, మీ డాక్టర్‌తోనే ఫోన్ చేయించండి. మా పిల్లి దారం మింగినప్పుడు నేను ఫోన్‌లో "డల్‌గా ఉందండీ" అన్నాను, వచ్చే వారం రమ్మన్నారు. అదే డాక్టర్ మాట్లాడితే ఆ సాయంత్రమే తీశారు. దారం కొస నాలుక కింద చుట్టుకుని ఉంది. అలాంటిది కనిపిస్తే మీరు మాత్రం లాగొద్దు, పేగు కోసుకుపోతుంది.

జవాబు 2
ఇంత గొడవెందుకు, డైరెక్ట్‌గా ఎమ్మారై చేయించేయండి, అన్నీ తెలుస్తాయి.

జవాబు 3
పైన చెప్పినాయన మాట వినకండి. ఎమ్మారై ఎక్కువగా మెదడుకి, వెన్నుపాముకి తీస్తారు, పైగా జంతువు కదలకుండా పూర్తి మత్తు ఇవ్వాలి. సాక్సు కోసం అదెందుకు?

నేను పెట్ క్లినిక్‌లో పనిచేశాను. నీళ్లు కూడా నిలవట్లేదంటే మూడు రోజులు ఆగే కేసు కాదు. దాని పంటి చిగురు మీద వేలితో నొక్కి వదలండి, తెల్లబడిన చోట రెండు సెకన్లలోపు మళ్లీ రంగు రావాలి. రాకపోయినా, పొట్ట ఉబ్బి, కక్కబోతే ఏమీ రాకపోయినా స్కానింగ్ సంగతి వదిలేసి ఎమర్జెన్సీకి తీసుకెళ్లిపోండి, ముందు సెలైన్ పెడతారు, స్కాన్ అక్కడే చూసుకుంటారు. అల్ట్రాసౌండ్‌కి మామూలుగా 8 నుంచి 12 గంటలు కడుపు ఖాళీగా ఉంచమంటారు, అర్జెంటుకి అది చూడరు. ఎలాగూ ఇప్పుడు తిండి పెట్టకండి. పొట్ట మీద బొచ్చు గొరుగుతారు, కంగారు పడొద్దు. ఎక్స్‌రేని ఫోన్‌లో ఫొటో తీసి చూపిస్తే పనికిరాదు, అసలు ఫైలే అడిగి తీసుకెళ్లండి.

అడిగినవారు
చిగురు నొక్కి చూశాను, మూడు లెక్కపెట్టేదాకా తెల్లగానే ఉంది. డాక్టర్‌కి అదే చెప్పాను, ఆయనే ఎమర్జెన్సీ వాళ్లతో మాట్లాడి వెంటనే తీసుకెళ్లమన్నారు. బయల్దేరుతున్నాం. జతలో మిగిలిన సాక్సు కూడా పట్టుకెళ్తున్నా, సైజు చూపిద్దామని.