పాపకి నులిపురుగులు మూడోసారి వచ్చాయి, ఏం చేస్తే ఆగుతాయి?

మా పాపకి 4 ఏళ్లు, 14 కిలోలు, అంగన్‌వాడీకి వెళ్తుంది. ఫిబ్రవరి 10న నులిపురుగుల దినోత్సవం రోజు అక్కడే ఆల్బెండజోల్ 400 మి.గ్రా. మాత్ర నమిలించారు. మూడు వారాలు బాగానే ఉంది, తర్వాత మళ్లీ రాత్రి పదకొండు దాటగానే మలద్వారం దగ్గర దురద, ఏడుస్తూ లేవడం, టార్చ్ వేసి చూస్తే తెల్లటి దారాల్లాంటివి, సెంటీమీటర్ కూడా ఉండవేమో, కదులుతూ కనిపించాయి. మలం పరీక్షలో మాత్రం ఏమీ లేదన్నారు.

డాక్టర్ గారు చెప్పినట్టు ఈసారి ఇంట్లో అందరం, అంటే మేమిద్దరం, ఏడేళ్ల బాబు, అత్తయ్య, ఒకే రోజు మాత్ర వేసుకుని 14 రోజులకి మళ్లీ వేసుకున్నాం. గోళ్లు కత్తిరించాను, దుప్పట్లు, లోదుస్తులు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేశాను. అయినా ఐదు వారాలకి మళ్లీ మొదలు! బాబుకి, మాకు దురద లేదు. పాప నిద్రలో గోక్కుంటుంది, పొద్దున్న లేవగానే వేళ్లు నోట్లో పెట్టుకుంటుంది, ఆ అలవాటు ఎంత చెప్పినా మానట్లేదు. నిద్ర లేక పిల్ల నీరసపడిపోతుంటే చూడలేకపోతున్నాను. వచ్చే వారం మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం.

ఇంటిల్లిపాదీ రెండు డోసులూ వేసుకున్నాక కూడా పిల్లలకి ఇలా తిరగబెట్టినవాళ్లు, చివరికి ఏం మార్చాక పూర్తిగా ఆగిపోయిందో చెప్తారా?