కొండల్లో నడకకు ఏ వేపుడు పెనం తీసుకెళ్లాలి?

కొండబాట:
వచ్చే నెల నలుగురం కలిసి మూడు రోజులు కొండల్లో నడవబోతున్నాం. అన్నీ సర్దుకున్నాను, పెనం దగ్గరే ఆగిపోయాను. ఇంట్లో ఉన్న పోత ఇనుము పెనం తూచి చూస్తే రెండు కిలోల పైనే ఉంది. దానిమీద గుడ్డు ఎంత చక్కగా వస్తుందో తెలుసు కాబట్టి వదలబుద్ధి కావడం లేదు. తేలికపాటివి వాడినవాళ్లు మీ అనుభవం చెప్పండి.

రాతిపొయ్యి:
వంట గ్యాస్ పొయ్యిమీదా, కట్టెల మంటమీదా? లోహం సంగతి ఆ తర్వాతే. ఆ ఆలోచన లేకుండానే నేను టైటానియం పెనం కొన్నాను. చేత్తో పట్టుకుంటే కాగితంలా ఉందని సంబరపడ్డాను. కానీ చిన్న బర్నరు మంట పెనం మధ్యలో అరచేయంత మేరకే తగులుతుంది. టైటానియం ఆ వేడిని పక్కలకు పంపదు. అల్యూమినియంతో పోలిస్తే దాని ఉష్ణవాహకత సుమారు పదో వంతే. నడుమ గుడ్డు నల్లగా మాడిపోయింది, అంచుల దగ్గర తెల్లసొన ఇంకా జారుతూనే ఉంది. ఇప్పుడు అందులో నీళ్లు మాత్రమే కాస్తున్నాను. నీళ్లు కిందకీ పైకీ తిరుగుతూ వేడిని పంచుకుంటాయి కాబట్టి ఆ పనికి అది మంచిదే.

కొండబాట:
రెండు రోజులూ గ్యాస్ పొయ్యే. చివరి రాత్రి దిగే చోట మంట వేసుకోనిస్తారు. అక్కడ నిప్పులమీద వండాలని పిల్లలు పట్టుబడుతున్నారు.

వెన్నెలగుడారం:
గ్యాస్ పొయ్యికైతే అల్యూమినియమే తీసుకోండి. నాది 20 సెంటీమీటర్లది, మడత పిడితో కలిపి 280 గ్రాములు. అడుగు మరీ పలచగా లేనిది చూడండి, వేడి సమంగా పాకుతుంది. నాన్‌స్టిక్ పూత ఉంటే మాత్రం ఖాళీ పెనాన్ని మంటమీద పెట్టి కూరగాయలు తరుగుతూ కూర్చోవద్దు. సుమారు 260 డిగ్రీల సెల్సియస్ దాటితే ఆ పూత పాడవడం మొదలవుతుంది, ఇంకా వేడెక్కితే వచ్చే పొగ ఊపిరితిత్తులకు హాని. చిన్న పొయ్యిమీద ఖాళీ పెనం ఆ వేడిని చాలా త్వరగా అందుకుంటుంది.

నిప్పులమీదికి దాన్ని అసలు తీసుకెళ్లవద్దు. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది, గాలి తగిలి రగిలే నిప్పులు అంతకు మించిన వేడినే ఇస్తాయి.

ఇనుపగరిటె:
అందుకే నేను కార్బన్ స్టీల్ పెనం, అంటే పూత లేని మామూలు ఉక్కు రేకు పెనం, మోస్తాను. బరువే, కాదనను. కానీ గ్యాసుకీ నిప్పులకీ అదే సరిపోతుంది, గరిటె గీరినా భయం లేదు. పైగా పోత ఇనుము పెళుసు. రాతిమీద పడితే పగలవచ్చు, కాగి ఉన్నప్పుడు చన్నీళ్లు పోస్తే చిట్లవచ్చు.

దానికి కావలసిందల్లా నూనె పట్టించి కాల్చడం. చాలామంది నూనె ఎక్కువ పూస్తారు, అప్పుడు పైన జిగురు కడుతుంది. పూసిన నూనెనంతా తుడిచేస్తున్నామా అన్నంత పలచగా ఉండాలి, అప్పుడే గట్టి పొరగా మారుతుంది. పులుపు వేసి ఎక్కువసేపు ఉడికిస్తే ఆ పొర పోతుంది. ఒకసారి కడిగి తడి ఆరకుండానే సంచిలో పెట్టాను, మర్నాటికి ఎర్రటి తుప్పు. అప్పటి నుంచి కడిగాక పొయ్యిమీద ఆరబెట్టి, చుక్క నూనె రాసి, గుడ్డలో చుట్టి పెడుతున్నాను.

వానకోయిల:
నలుగురున్నారని పెద్ద పెనం తీసుకోవద్దు. మా బృందంలో ఒకరు 28 సెంటీమీటర్లది తెచ్చారు. గ్యాస్ డబ్బామీదే బిగించే పొయ్యి కావడంతో పెనం ఒరిగి వంటంతా నేలపాలైంది. దానికన్నా పెద్ద ప్రమాదం వేరే ఉంది. వెడల్పు పెనం వేడిని కిందికి, డబ్బామీదికి కొడుతుంది. చుట్టూ గాలిని ఆపే తెర కూడా కట్టేస్తే డబ్బా ప్రమాదకరంగా వేడెక్కుతుంది. చిన్న పెనంలో రెండు విడతలు వండుకోండి.

రాతిపొయ్యి:
నిప్పులమీదికి వెళ్లే పెనానికి పిడి పొడవుగా ఉండాలి, ప్లాస్టిక్ తొడుగు ఉండకూడదు. మంటమీద పెట్టే ముందు అడుగున బయటివైపు సబ్బు పూస్తే మసి సులువుగా వదులుతుంది. కడగడం మాత్రం వాగుకు కనీసం 60 మీటర్ల దూరంలో.

కొండబాట:
అందరికీ కృతజ్ఞతలు. మా పొయ్యి కాళ్లు కొలిచాను, 20 సెంటీమీటర్ల పెనం నిలకడగా కూర్చుంటుంది. పూత లేని కార్బన్ స్టీల్‌ది ఒకటే తీసుకుంటున్నాను. బరువు నలుగురం వంతులవారీగా మోస్తాం. ఈ ఆదివారం పెరట్లో అదే పొయ్యిమీద గుడ్డు వేసి చూసి, ఎలా వచ్చిందో ఇక్కడే రాస్తాను.