సానుభూతి, సహానుభూతి: మధ్యలో ఆ ‘హ’ ఎందుకు?

ప్రశ్న: సైకాలజీ పాఠాల్లో సింపతీకి సానుభూతి, ఎంపతీకి సహానుభూతి అంటున్నారు. రెండింటి వ్యుత్పత్తీ ఒకటే కదండీ? ఒక్క అక్షరం అంత తేడా తెస్తుందా?

జవాబు: వ్యాకరణం తేదు. సమాసంలో ‘సహ’ స్థానంలోనే ‘స’ వస్తుంది; సకుటుంబంగా, సపరివారంగా అన్నవి అలా వచ్చినవే. తేడా అంతా వాడుకది. సానుభూతి ‘అయ్యో పాపం’ దగ్గర స్థిరపడిపోయింది (సానుభూతి ఓట్లు అంటాం, సహానుభూతి ఓట్లు అనం). ఎదుటివారి అనుభూతిని పంచుకోవడం (ఎంపతీ) అన్న కొత్త అవసరానికి పొడుగు రూపం మిగిలింది. హిందీ నుంచి అనువదించేవాళ్లు జాగ్రత్త: అక్కడ సహానుభూతి అంటే సింపతీ. ఎంపతీకి వాళ్ల మాట సమానుభూతి.

ప్రశ్న: మనమూ సమానుభూతి అంటే పోలా?

రెండో జవాబిచ్చినవారు: ఆ ‘సమ’ (సమానం) తోనే పేచీ. 2004లో లండన్‌లో మెదడు శాస్త్రవేత్త టానియా సింగర్ బృందం 16 జంటలతో ప్రయోగం చేసింది. జంటలో ఆమె మెదడు స్కానర్‌లో, అతను పక్కనే. ఇద్దరి చేతికీ ఎలక్ట్రోడ్. షాక్ ఎవరికో తెరమీద గుర్తు చెబుతుంది. ఎవరికి తగిలినా ఆమె మెదడులో నొప్పిలోని బాధతో ముడిపడిన రెండు ప్రాంతాలు, ఇన్సులా ముందుభాగం, యాంటీరియర్ సింగ్యులేట్, చురుకయ్యాయి. స్పర్శను గుర్తించే కార్టెక్స్ మాత్రం తన చేతికి తగిలినప్పుడే. మోకాలి నొప్పి అంటాం, అప్పుల బాధ అంటాం. అప్పుల నొప్పి అనం. ఆ లెక్కన ఆమెకు అంటింది అతని బాధే, నొప్పి కాదు.

మొదటి జవాబిచ్చినవారు: చిన్న సవరణండీ. స్కాన్‌లో ఒకే చోటు వెలిగిందని ఒకే పని జరిగిందనలేం. ఇన్సులా అసహ్యానికీ స్పందిస్తుంది. ఎదుటివారి నొప్పిని పంచుకుంటామనడానికి అంతకన్నా గట్టి ఆధారం 2015 నాటి వియన్నా ప్రయోగం. మందు లేని ఉత్తుత్తి మాత్రను నొప్పి మాత్రని నమ్మించి ఇస్తే సొంత నొప్పితోపాటు ఎదుటివారి నొప్పికి స్పందనా తగ్గింది. ఓపియాయిడ్లను (నొప్పిని తగ్గించే రసాయనాలను) అడ్డుకునే నాల్‌ట్రెక్సోన్ ఇచ్చినవాళ్లలో ఆ తగ్గుదల కనబడలేదు.

ప్రశ్న: మరి ‘కడుపు తరుక్కుపోయింది’ ఏ ఖాతాలోకి?

రెండో జవాబిచ్చినవారు: సహానుభూతి ముదిరి తన బాధే అయిపోయిన దశ అది. సింగర్, ఆమె సహ పరిశోధకురాలు క్లిమెకీల శిక్షణ ప్రయోగాల్లో ఎదుటివారి బాధను పంచుకోవడమే సాధన చేసినవాళ్లు మరింత కుంగారు. ఆ తర్వాత కరుణ సాధన చేయిస్తే తేరుకున్నారు, మెదడులో చురుకైన ప్రాంతాలూ వేరే. అందుకే పదకోశంలో కరుణను సహానుభూతికి పర్యాయంగా వేయకండి, దాన్ని విడి పదంగా నమోదు చేయండి.