పిక్కల్లో నొప్పి, కండరాల అదురు: ఇంకా ఏ పరీక్ష చేయించాలి?

నా వయసు 41. 14 నెలలుగా రెండు పిక్కల్లోనూ లోతైన నొప్పి ఉంటోంది. రాత్రి నడుం వాల్చగానే చర్మం కింద పురుగు పాకినట్టు కండరం అదురుతుంది, ఒక్కోసారి కనురెప్ప, భుజం కూడా అదురుతాయి. బలం మాత్రం తగ్గలేదు, మడమలపై నడవగలను, కండరం సన్నబడలేదు.

సీపీకే (కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్), థైరాయిడ్, కాల్షియం, బీ12 సాధారణంగానే వచ్చాయి. 11 ఉన్న విటమిన్ డి మందులతో 34కు చేరినా నొప్పి తగ్గలేదు. కొలెస్ట్రాల్‌కు వాడే అటోర్వాస్టాటిన్‌ను వైద్యుల సలహాపై రెండు నెలలు ఆపి చూసినా మార్పు లేదు. ఆరు నెలల క్రితం తీసిన ఈఎంజీలో (కండరాల్లోని విద్యుత్ సంకేతాలను చూసే పరీక్ష) లోపమేదీ కనబడకపోవడంతో, ఇది ప్రమాదం లేని అదురేనని న్యూరాలజిస్టు చెప్పారు. ఆ మాట కొండంత ఊరటనిచ్చింది కానీ, నొప్పికి కారణం ఆయనా చెప్పలేకపోయారు.

ఈ బాధ అనుభవించినవారు, వైద్యులు దయచేసి చెప్పండి: ఈఎంజీ మళ్లీ చేయించాలా, రుమటాలజిస్టును (కీళ్లు, కండరాల జబ్బుల వైద్యుణ్ని) కలవాలా? ఇంతవరకు ఎవరూ రాయని మెగ్నీషియం పరీక్షను నేనే అడిగి చేయించుకోవచ్చా?