నవలలూ కామిక్సూ తెరకు రాస్తూ ఉంటే సొంత రచయితగా నిలబడగలమా?

మూడో ప్రతి:

నమస్కారం. ఇప్పటివరకు రెండు నవలలకు స్క్రీన్‌ప్లే రాశాను. ఒకటి తెర మీదికి వచ్చింది, రెండోది హక్కుల దగ్గర ఆగిపోయింది. ఇప్పుడు ఒక కామిక్ చేతికిచ్చి రెండు గంటల సినిమాగా మలచమంటున్నారు. ఆ పుస్తకమంటే నాకు ప్రాణం. ఒప్పుకోవాలనే ఉంది. కానీ నాకన్నా ఎంతో ముందు నుంచి రాస్తున్న ఒకరు నిన్న ఒక మాట అన్నారు: “మూడోదీ వేరొకరి కథే అయితే ఇక నిన్ను ఎవరూ కథ అడగరు. పుస్తకం ఇచ్చి రాసిపెట్టమంటారు.” రాత్రంతా ఆ మాటే మెదిలింది.

అనుసరణలనే వృత్తిగా చేసుకున్నవారికి తమదైన గొంతు మిగులుతుందా? అనుభవం ఉన్నవాళ్లు మొహమాటం లేకుండా చెప్పండి.

పాతపాఠకుడు:

ఆ పెద్దమనిషి మాట కటువుగా ఉన్నా నిజం. ఈ వాదన కొత్తదీ కాదు. 1954 జనవరిలో, తర్వాత దర్శకుడిగా పేరు తెచ్చుకున్న ఫ్రాన్స్వా త్రూఫో ‘కాయే ద్యు సినేమా’ పత్రికలో ఒక వ్యాసం రాశారు. ఆ రోజుల్లో ఫ్రాన్సులో పేరున్న అనుసరణ రచయితలు జాన్ ఒరాంష్, పియెర్ బోస్త్. నవలలో కొన్ని సన్నివేశాలు తెరకెక్కవనీ, వాటి స్థానంలో అదే భావాన్నిచ్చే వేరే సన్నివేశాలు కల్పించాలనీ వాళ్ల పద్ధతి. దానికి ‘సమానార్థకం’ అని పేరు. తెరకెక్కదని తీర్మానించేది ఎవరు అని త్రూఫో నిలదీశారు. జార్జ్ బెర్నానోస్ నవలకు ఒరాంష్ రాసిన ప్రతిని నవలాకారుడే తిరస్కరించారు. 1951లో రాబర్ట్ బ్రెసోన్ అదే నవలను, మూలంలోని మాటలకు ఎంతో దగ్గరగా ఉండి తీసి చూపించారు.

ఏళ్ల తరబడి ఇతరుల కథల మీద పనిచేసేవారికి ఒక ఒడుపు పడుతుంది. ఎక్కడ కోయాలో, ఎవరిని ఎవరిలో కలిపేయాలో చేతికి తెలిసిపోతుంది. ఆ ఒడుపే ప్రమాదం. ప్రతి పుస్తకమూ ఒకే అచ్చులో పడుతుంది. తెల్లకాగితం ముందు కూర్చుని, ఎవరూ చూడని మనిషిని పుట్టించే కష్టం వేరు. ఆ కష్టాన్ని పదేళ్లు వాయిదా వేస్తే పదకొండో ఏట అది మీ పిలుపు అందుకోదు.

చివరి సంతకం:

గొంతు సంగతి మీరందరూ తేల్చండి. నేను కాగితాల సంగతి చెబుతాను, ఎందుకంటే ఈ వృత్తిలో దెబ్బ తగిలేది అక్కడే.

సొంత కథతో రాసిన స్క్రీన్‌ప్లేను ఒక నిర్మాత వద్దంటే ఇంకొకరికి చూపించవచ్చు. పదేళ్లు సొరుగులో ఉన్నా అది మీదే. అనుసరణకు ఆ అవకాశం లేదు. నిర్మాత సాధారణంగా పుస్తకాన్ని మొదటే కొనేయరు. ఏడాదికో ఏడాదిన్నరకో గడువు పెట్టుకుని, ఆ లోపు కొనే హక్కును మాత్రం తీసుకుంటారు. గడువు దాటిపోయి హక్కులు వేరొకరి దగ్గరకు వెళ్తే మీ స్క్రీన్‌ప్లే ఎంత బాగున్నా దాన్ని మీరు ఎవరికీ అమ్ముకోలేరు. అందులోని మనుషులు మీవాళ్లు కారు. నా విషయంలో ఇదే జరిగింది. పద్నాలుగు నెలలు, ఐదు ప్రతులు. గడువు పొడిగించడం మరిచిపోయామని నిర్మాణ సంస్థ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ఆ ఐదు ప్రతులూ ఇంకా నా దగ్గరే ఉన్నాయి, దేనికీ పనికిరావు.

రెండో విషయం, తెర మీద పేరు. అమెరికా రచయితల సంఘం నియమాలు చూడండి. సొంత కథగా మొదలైన స్క్రీన్‌ప్లేలో తర్వాత వచ్చిన రచయితకు పేరు దక్కాలంటే తుది ప్రతిలో 50 శాతం అతని రాత ఉండాలి. అనుసరణ అయితే 33 శాతం దాటితే చాలు. అంటే మొదట రాసిన మీ పక్కన ఇంకో పేరు చేరడం అనుసరణలో చాలా తేలిక. సొంత కథ రాసినవారికి ఆ సంఘం ఒప్పందం ప్రకారం పుస్తకంగా అచ్చువేసుకునే హక్కు, తరువాయి భాగానికి సొమ్ము వంటివి విడిగా దఖలు పడతాయి. ఉన్న కథను తెరకు మలిచినవారికి మామూలుగా అవి రావు.

కాబట్టి సంతకం పెట్టే ముందు ఒక్కటి అడగండి: పుస్తకం మీద హక్కు ఏ తేదీ వరకు ఉంది? ఆ తేదీ కాగితం మీద కనిపించాలి.

గళ్లూ గీతలూ:

నేను కామిక్స్‌కు బొమ్మలు వేస్తాను, అందుకే కామిక్ గురించే మాట్లాడతాను. బొమ్మలు సిద్ధంగా ఉన్నాయి కాబట్టి తెరకు రాయడం తేలిక అనుకునేవాళ్లే ఎక్కువ. నా లెక్కలో నవలకన్నా కామిక్ కష్టం.

నవల నుంచి రాసేవాడికి బొమ్మ లేదు, కాబట్టి తన బొమ్మ తను వెతుక్కుంటాడు. కామిక్ నుంచి రాసేవాడి ముందు బొమ్మ ఉంది, కాలం లేదు. ఒక గడి నుంచి ఇంకో గడికి మధ్య ఉన్న ఆ తెల్లటి సందులో ఎంత కాలం గడిచిందో పాఠకుడే నిర్ణయించుకుంటాడు. ఒక గడి దగ్గర నిమిషం ఆగుతాడు, మూడు పేజీలు ఒక్క ఊపున దాటేస్తాడు, మళ్లీ వెనక్కి వెళ్లి చూస్తాడు. సినిమాలో ఆ పగ్గాలు ప్రేక్షకుడి చేతిలో ఉండవు. ‘వాచ్‌మెన్’ కామిక్ 1986, 87లలో 12 సంచికలుగా వచ్చింది. పేజీకి తొమ్మిది గళ్ల చట్రం దాని ఊపిరి. ఐదో సంచికలో పేజీల అమరిక నడిమి నుంచి రెండు వైపులా అద్దంలో ప్రతిబింబంలా సాగుతుంది. మొదటి పేజీకి చివరి పేజీ జోడీ. చేతిలో పుస్తకం ఉంటేనే అది తెలుస్తుంది. గుండెలాంటి ఆ అమరికను 2009లో వచ్చిన సినిమాకు రాసినవారు ఎక్కడ పెట్టగలరు? ఎంత శ్రద్ధగా ప్రతి గడినీ తెరకెక్కించినా అది జారిపోతుంది.

ఇక రెండో దారి. ‘ఎ హిస్టరీ ఆఫ్ వయొలెన్స్’ మూలం 1997 నాటి కామిక్. దాన్ని తెరకు రాసిన జాష్ ఓల్సన్ దాని మొదటి భాగంలోని పరిస్థితిని తీసుకున్నారు: చిన్న ఊళ్లో హోటలు నడుపుకునే ఒక మనిషి, అతన్ని వెతుక్కుంటూ వచ్చిన గతం. మిగతాది చాలావరకు మార్చేశారు. కామిక్‌లో చిన్ననాటి స్నేహితుడైన రిచీ తెర మీద కథానాయకుడి సోదరుడయ్యాడు. ఆ ఒక్క మార్పుతో కథ మొత్తం ఇల్లు, రక్తసంబంధం వైపు తిరిగింది. 2005లో వచ్చిన ఆ సినిమా స్క్రీన్‌ప్లే ఆస్కార్‌కు పోటీలో నిలిచింది. దీన్ని ఎవరి రచన అంటారు? నేనైతే ఓల్సన్ రచన అనే అంటాను, బొమ్మలు వేసేవాడిని అయ్యుండి కూడా.

మూడో ప్రతి గారూ, మీకిచ్చిన కామిక్‌లో మాటలు లేని పేజీలు ఎన్ని ఉన్నాయో ముందు లెక్కపెట్టండి. మీ పని ఉండేది అక్కడ.

నెమలికన్ను:

మరి మూల రచయిత మాటేమిటి? ఇంతసేపటికీ ఎవరూ ఆ ఊసు ఎత్తలేదు. ‘వాచ్‌మెన్’ సినిమా టైటిల్స్‌లో బొమ్మలు వేసిన డేవ్ గిబ్బన్స్ పేరు ఉంది, కథ రాసిన అలన్ మూర్ పేరు లేదు. తన పేరు వద్దని ఆయనే పట్టుబట్టారు. మిలన్ కుందేరా తన నవల ఒకటి 1988లో సినిమాగా వచ్చాక ఇంకే పుస్తకాన్నీ తెరకెక్కించనివ్వలేదు. హక్కులు కొన్నారు కాబట్టి ఏమైనా చేయవచ్చనే ధోరణి నాకు బాధ కలిగిస్తుంది. సోదరుడిని చేశారు, బాగుంది. ఆ స్నేహితుడిని ప్రేమించిన పాఠకుడు ఎక్కడికి పోవాలి?

తెరవెనుక:

నెమలికన్ను గారూ, ఆ పాఠకుడికి పుస్తకం అలాగే ఉంది. ఒక్క అక్షరం చెరగలేదు.

పాతపాఠకుడు గారి త్రూఫో ఉదాహరణకు మిగతా సగం నేను చెబుతాను. అదే త్రూఫో తర్వాత హెన్రీ-పియెర్ రోషే నవలను జాన్ గ్రూవోతో కలిసి ‘జూల్ ఎ జిమ్’గా రాసుకున్నారు. 1962లో వచ్చింది. ఆయన కోపం అనుసరణ మీద కాదు, నవలను నమ్మని అనుసరణ మీద. పాతబడ్డారని పక్కన పెట్టిన ఒరాంష్, బోస్త్‌లను దర్శకుడు బెర్త్రాన్ తవెర్నియే వెతికి పట్టుకుని, 1974లో వచ్చిన తన మొదటి పెద్ద సినిమాకు సిమెనోన్ నవలను వాళ్లతో కలిసి రాసుకున్నారు. ఇరవై ఏళ్ల తర్వాత! పనితనం లేనివాళ్ల కోసం అలా ఎవరూ రారు.

నవలలోని సంభాషణను అలాగే ఎత్తిరాస్తే చాలనుకునేవారికి ఒక సంగతి. 1944లో వచ్చిన ‘డబుల్ ఇండెమ్నిటీ’ని జేమ్స్ ఎం. కేన్ నవల నుంచి దర్శకుడు బిల్లీ వైల్డర్, రేమండ్ చాండ్లర్ కలిసి రాశారు. కేన్ మాటలు అలాగే వాడుకోవాలని వైల్డర్ ఆశ. నటులతో చదివించి చూస్తే తేలిపోయాయి. ఆ మాటలు కంటి కోసం రాసినవి, చెవి కోసం కావని చాండ్లర్ వాదన. చదువుతున్నప్పుడు కత్తిలా ఉన్న వాక్యం నోట్లో ఎందుకు మొద్దుబారుతుందో పట్టుకోగలిగేవాడు గొంతు లేని రచయితా?

ఫ్రెంచి స్క్రీన్‌ప్లే రచయిత జాన్-క్లోద్ కారియేర్ సంగతి చూడండి. ఆయన మొదట చేసింది దీనికి తిరగేసిన పని: జాక్ తాతీ సినిమాలను నవలలుగా రాయడం. ఆ పని అప్పగించే ముందు తాతీ ఆయనను ఎడిటింగ్ గదికి పంపారు. ఒక పక్క స్క్రిప్టు, ఒక పక్క తెర పెట్టుకుని, కాగితం మీది వాక్యం ఎలా బొమ్మ అవుతుందో చూడమన్నారు. అక్కడ మొదలైన మనిషి నాటక దర్శకుడు పీటర్ బ్రూక్ కోసం మహాభారతాన్ని తొమ్మిది గంటల నాటకంగా మలిచారు. 1985లో ప్రదర్శించారు. అందులో గీత చాలా కొద్దిసేపే ఉంటుంది, దాని మీద విమర్శలూ వచ్చాయి. కానీ మన తిక్కన చేసిందేమిటి? ఏడువందల శ్లోకాల గీతను కొద్ది పద్యాల్లోకి కుదించాడు. ఎదురుగా రెండు సైన్యాలు నిలబడి ఉంటే కథ ఎంతసేపు ఆగగలదో ఆ కవికి తెలుసు. తిక్కనను సొంత గొంతు లేనివాడని ఎవరైనా అనగలరా?

పాతపాఠకుడు:

తిక్కన పేరు ఎత్తాక మాట్లాడటం కష్టమే, అయినా నా మాట వెనక్కి తీసుకోను. మీరు చెప్పిన పేర్లే నా వాదన. చాండ్లర్ అప్పటికే నవలాకారుడు. ఫార్‌స్టర్ నవలల నుంచి రాసి రెండు ఆస్కార్లు గెలిచిన రూత్ ప్రవర్ ఝాబ్వాలాకు 1975లోనే తన సొంత నవలకు బుకర్ బహుమతి వచ్చింది. కారియేర్ తాతీ దగ్గరకు వెళ్లే ముందే ఒక నవల అచ్చువేశారు. వీళ్లందరూ ముందు తమ గొంతు తెచ్చుకుని తర్వాత వేరొకరి ఇంటికి వెళ్లారు. మూడో ప్రతి గారి దారి అది కాదు. అందుకే నా భయం.

తెరవెనుక:

ఒప్పుకుంటాను, అది బలమైన మాట. కానీ సూజో చెక్కీ ద’అమీకో నవలాకారిణి కాదు. వందకు పైగా స్క్రీన్‌ప్లేల్లో ఆమె చెయ్యి ఉంది, ‘ది లెపర్డ్’ లాంటి పెద్ద నవలలూ అందులో ఉన్నాయి. 1948 నాటి ‘బైసికిల్ థీవ్స్’కు రాసినవారిలోనూ ఆమె ఉన్నారు. దాని మూలం లుయిజీ బార్తొలీనీ నవల. అందులో సైకిలు పోగొట్టుకున్నవాడు ఒక కళాకారుడు. సినిమాలో పోగొట్టుకున్నది, ఆ సైకిలు లేకపోతే గోడలకు పోస్టర్లు అంటించే ఉద్యోగమే పోయే పేదవాడు. సైకిలు అదే, పోయింది మాత్రం వేరు. ఆ రచయితల బృందం గొంతు మీకు వినిపించలేదా?

మూడో ప్రతి:

అందరికీ కృతజ్ఞతలు. గళ్లూ గీతలూ గారు చెప్పినట్టు లెక్కపెట్టాను. మాటలు లేని పేజీలు పదకొండు. వాటిలో ఒకటి నన్ను మొదటి నుంచీ వెంటాడుతున్నదే. కూతురు ఇల్లు వదిలి వెళ్తుంది. తండ్రి తలుపు దగ్గర నిలబడతాడు. ఎనిమిది గళ్లలో తలుపు కొంచెం కొంచెంగా మూసుకుంటుంది. చదివేటప్పుడు నేను ప్రతిసారీ ఆరో గడి దగ్గర ఆగిపోతాను, అందులో ఆయన చెయ్యి గడియ మీద ఉంటుంది.

రాత్రి ఆ సన్నివేశం రాశాను. మొదట తండ్రికి ఒక మాట ఇచ్చాను. ఉదయం చూస్తే ఆ మాట అబద్ధంలా ఉంది, కొట్టేశాను. తర్వాత ఆయనను అసలు చూపించకుండా కూతురి వైపు నుంచి రాశాను. మెట్లు దిగుతోంది. పైన గడియ పడిన చప్పుడు వినిపించాలి. మూడు అంతస్తులు దిగినా వినిపించదు. వీధిలోకి వచ్చాక ఆగి పైకి చూస్తుంది. కామిక్‌లో ఇది లేదు. కానీ ఆరో గడి దగ్గర నేను ఎందుకు ఆగిపోతున్నానో రాస్తున్నప్పుడే నాకు తెలిసింది: ఆయన గడియ పెట్టలేకపోతున్నాడు.

పాతపాఠకుడు గారూ, మీ భయం నాకూ ఉంది, తీరలేదు. ఏడాదిలో మూడు నెలలు నా సొంత కథకే అని పెట్టుకున్నాను. అది ఎంతవరకు సాగుతుందో చూడాలి. ఈ ఉదయం నిర్మాతకు ఫోను చేసి హక్కుల గడువు ఏ తేదీ వరకని అడిగాను. కాగితాలు వెతికి చెబుతామన్నారు.

చివరి సంతకం:

వెతికి చెబుతాం అన్నారంటే ఆ తేదీ వాళ్లకే గుర్తు లేదన్నమాట. అది కాగితం మీద చూసేవరకు ఆ మెట్ల సన్నివేశాన్ని వాళ్లకు పంపకండి.